వద్దనుకున్న పేరు

పోచమ్మమైదాన్‌లో శ్యాంసుందర్‌కు ఫ్లెక్సీల దుకాణం ఉంది. చావు, పెళ్లి, పురుడు, ఏదైనా ఆయన కంప్యూటర్ మీదుగా పోవాల్సిందే. సంతాపం ఫ్లెక్సీల మీద ఐలయ్యలు, కొమురయ్యలు, సారయ్యలు. పెళ్లి ఫ్లెక్సీల మీద సాయికిరణ్‌లు, రాజశేఖర్‌లు. పిల్లలకు పేరు పెట్టే తొట్టెల ఫ్లెక్సీల మీద మాత్రం అన్నీ రియాన్ష్‌లు, విహాన్‌లే. ఆ పేరుకు అర్థమేమిటని అడిగితే తల్లిదండ్రులు ఫోన్ తీసి చూసి చెబుతారు. ఆయన లోపల నవ్వుకుని, పైకి మంచి పేరండీ అంటాడు.

ఇప్పుడు నవ్వే పరిస్థితి లేదు. రేపు సొంత మనవడి తొట్టెల. ఫ్లెక్సీ మీద బెలూన్లు, ఏనుగు పిల్ల, మేనత్తల ఫొటోలు అన్నీ కుదిరాయి గాని, బాబు పేరు రాసే చోటు ఖాళీగా ఉంది. ఆ పేరు మీదే ఇంట్లో మూడు రోజులుగా ఎవరూ ఎవరితో సరిగ్గా మాట్లాడటం లేదు.

శ్యాంసుందర్ అన్నది ఆయన పుట్టు పేరు కాదు. నర్సంపేట దగ్గరి పల్లెలో పుట్టినప్పుడు తల్లి మల్లక్క పెట్టిన పేరు పెంటయ్య. పేడా చెత్తా పోసే పెంటకుప్ప ఉంటుందే, ఆ పెంట పేరే. పిల్లలు పుట్టి పుట్టి పోతున్న ఇంట్లో, తర్వాత పుట్టిన బిడ్డను చాటలో వేసి పెంట మీద పడుకోబెట్టేవారు. పైవాళ్లెవరో దొరికిన బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకునేవారు. తల్లి వాళ్లకు చేరెడు తవుడు పోసి తన బిడ్డను తానే కొనుక్కునేది. పెంట మీద దొరికినవాడి మీద, తవుడుకు వచ్చినవాడి మీద చావుకు మోజుండదని నమ్మకం. ఒకప్పుడు ఏ ఊరికి పోయినా ఒకరిద్దరు పెంటయ్యలు కనబడేవారు. దవాఖానాలొచ్చాయి, పిల్లలు నిలుస్తున్నారు, ఆ పేరుతో లోకానికి పని తీరిపోయింది.

పని తీరిన పేరును మోయడం ఎంత నరకమో మోసినవాడికే తెలుసు. బడిలో హాజరు పిలిచేటప్పుడు సారు ముక్కు మూసుకునేవాడు, పిల్లలు పగలబడి నవ్వేవారు. భార్య సుభాషిణి నలుగురిలో ఆ పేరు చెప్పాల్సి వస్తే మాట మార్చేది. అన్నీ దిగమింగినవాడు కొడుకు రమాకాంత్ పెళ్లి కార్డు దగ్గర ఓడిపోయాడు. రమాకాంత్ నోరు తెరిచి ఏమీ అనలేదు. కార్డు నమూనాలో తండ్రి పేరు ఉండాల్సిన చోట 'పి.' అని మాత్రం రాశాడు. ఒక్క అక్షరం, పక్కన చుక్క. ఆ చుక్కను చూసిన వారంలోనే ఆయన పేపర్లో ప్రకటన ఇచ్చి, గెజిట్‌లో వేయించుకుని శ్యాంసుందర్ అయిపోయాడు.

మల్లక్కకు సంగతి తెలిసిన రోజు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత కొడుకును ఏ పేరుతోనూ పిలవలేదు. 'బిడ్డా' అనే మాటతోనే నెట్టుకొచ్చింది.

పెళ్లయిన ఏడాదికి రమాకాంత్, వినోదలకు తొలి బిడ్డ పుట్టి, పుట్టిన మర్నాడే పోయింది. రెండోవాడు ఏడో నెలలో కడుపులోనే పోయాడు. ఇప్పుడు పుట్టినవాడు మూడోవాడు. నెలలు నిండక ముందే వచ్చి, దవాఖానాలో గాజు పెట్టెలో ఉండి, మొన్ననే ఇల్లు చేరాడు. వినోద పడుకున్నా, కూర్చున్నా వాడి ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూనే ఉంటుంది. మల్లక్క అడిగింది ఒక్కటే. పిల్లవాణ్ణి పెంట మీద వేసి తెచ్చుకుని, ఆ పేరే పెట్టాలని. రమాకాంత్ గిన్నె విసిరికొట్టి బండేసుకుని బయటికి పోయాడు.

ఆ పొద్దున శ్యాంసుందర్ తల్లి మంచం పక్కన కూర్చుని, కాలం మారిందని, డాక్టర్లున్నారని, పిల్లవాడు బడికి పోవాల్సినవాడని నచ్చజెప్పబోయాడు. మల్లక్క అంతా విన్నది.

"నిన్ను దాసిన పేరు బిడ్డా అది. దాన్ని నువ్వు తీసి పారేసినవు. పారేసినంకనే గదా మనింట్ల ఇద్దరు పోయిండ్రు. నీకు బదులు సావు పసోళ్లను పట్కపోయింది."

ఆయన మంచం పక్క నుంచి లేచాడు. ఇన్నేళ్లూ తనకు అన్నం వడ్డిస్తూ, జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేస్తూ, ఈమె లోపల ఈ మాట మోస్తోందన్నమాట. ఇద్దరు పసివాళ్ల చావు కొడుకు ఖాతాలో రాసుకుని కూర్చుంది. కోపంతో ఒళ్లు మండిపోయింది. ఏదో ఒక నాడు ముఖం మీద తిట్టి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. కాసేపటికి కోపం చల్లారింది గాని, దాని అడుగున భయం మిగిలింది. ఒకవేళ నిజమైతే?

మధ్యాహ్నం వినోద పిల్లవాణ్ణి భుజాన వేసుకుని ఆయన దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల బడిలో సైన్సు చెబుతుంది. ఇద్దరూ పోయిన కారణాలన్నీ ఆమెకు తెలుసు, డాక్టరు రాసిచ్చిన కాగితాలు చదివింది కూడా. అయినా అవ్వ చెప్పినట్టే చేద్దామని, రమాకాంత్‌ను మీరే ఒప్పించాలని అడిగింది. శ్యాంసుందర్ అదిరిపడ్డాడు. ఆ పేరు మనిషిని ఏం చేస్తుందో నీకు తెలియదమ్మా అని, ఎవరికీ చెప్పనివన్నీ చెప్పాడు. బడి సంగతి, ఇంటర్వ్యూలో ఆఫీసరు పక్కవాడికి కన్నుగీటిన సంగతి, పెళ్లి కార్డు మీది చుక్క సంగతి కూడా. వినోద మధ్యలో ఎక్కడా ఆపలేదు.

"అయినా మీరు బతికిండ్రు గదా, మామయ్యా," అంది చివరికి.

ఆ సాయంత్రమే శ్యాంసుందర్ రమాకాంత్ దగ్గరికి వెళ్లాడు.

సర్టిఫికెట్ మీద నచ్చిన పేరు రాయించుకొమ్మని, ఇంట్లో మాత్రం అవ్వ మాట కానిమ్మని కొడుకును బతిమాలాడు. రమాకాంత్ సరేననలేదు, కాదనలేదు. తెల్లారి చుట్టాలు దిగకముందే అందరూ బయల్దేరితే వెనకాల ముఖం ముడుచుకుని వచ్చాడు.

ఎనుమాముల మార్కెట్ వెనక, కాలనీ చివర, సమ్మమ్మ అనే ముసలామె బర్లను పెట్టుకుని పాలు పోస్తుంది. ఇప్పుడు పెంటకుప్ప అన్నది అక్కడ తప్ప ఎక్కడా లేదు. గాలిలో మార్కెట్ మిర్చి ఘాటు. సుభాషిణి పాత చీర పరిచి పిల్లవాణ్ణి చాటలో పడుకోబెట్టింది. మల్లక్క చాటను పెంట మీద పెట్టి దూరం జరిగింది. వాడు ఏడుపు అందుకున్నాడు. ఇక సమ్మమ్మ ఎత్తుకుంటుందనుకున్నాడు శ్యాంసుందర్. ఆమె కదల్లేదు. కన్నతల్లి వద్దంటేనే తాను ముట్టుకుంటానని చెప్పింది. ఈ పిల్లగాడు మాకొద్దు, ఎవరన్నా తీసుకుపొండని గట్టిగా అనాలట.

వినోద నోరు తెరిచింది. చాట వైపు చూసి మూసుకుంది. రెండోసారి 'మాకు' అన్నంత వరకు వచ్చి ఆగిపోయింది. రమాకాంత్ ముఖం అవతలికి తిప్పుకున్నాడు.

చాట సంగతి, తవుడు సంగతి శ్యాంసుందర్ చిన్నప్పటి నుంచీ విన్నవే. ఈ మాట సంగతి ఎవరూ ఎన్నడూ ఆయనకు చెప్పలేదు. తల్లి వైపు తిరిగాడు.

"నువ్వు అన్నవా అవ్వా?"

"అన్న," అంది మల్లక్క. "ముగ్గుర్ని మట్టిల పెట్టొచ్చి, నిన్ను వద్దన్న. మీ నాయిన చెవులు మూసుకున్నడు. ఏడిస్తె సావు నమ్మదు గదా బిడ్డా. గందుకే ఏడ్వకుంట అన్న."

యాభై ఏళ్లకు పైగా ఆయన ఆ పేరును అసహ్యించుకున్నాడు. ఆ పేరు కోసం తల్లి బతికున్న బిడ్డను వద్దనుకుంటూ, ఏడుపు మింగి పెంట పక్కన నిలబడిందని ఒక్కనాడూ అనుకోలేదు. చెయ్యి చాచి ఆమె భుజం పట్టుకున్నాడు. ఎముకలు చేతికి తగిలాయి.

వినోద కొంగుతో కళ్లు బాగా తుడుచుకుంది. చాట వైపు చూడకుండా, బడిలో పాఠం చెప్పే గొంతుతో అంది.

"ఈ పిలగాడు మాకొద్దు. ఎవరన్న తీస్కపోండ్రి."

సమ్మమ్మ వంగి ఎత్తుకుంది. మల్లక్క ఇచ్చిన తవుడు సమ్మమ్మ కొంగులో పోసి వినోద బిడ్డను అందుకుంది. అప్పుడు ఏడ్చింది, అక్కడే కూలబడి మరీ ఏడ్చింది. చెవిలో పేరు పిలవమని మల్లక్క అంటే అందరూ రమాకాంత్ వైపు చూశారు. అతను తండ్రి వైపు చూశాడు.

శ్యాంసుందర్ ముందుకు వచ్చి, పిల్లవాడి చెవి దగ్గర వంగి, పెంటయ్యా అని పిలిచాడు. వాడి ఏడుపు ఆగలేదు. ఆ పేరు పలకడానికి ఈసారి ఆయనకు సిగ్గు వేయలేదు. ఇది పనిచేయకపోతే ఎలా అని మాత్రం భయం వేసింది. ఎక్కడో కాచుకుని వింటున్న చావుకు కూడా వినపడాలని, ఇంకోసారి, ఇంకా గట్టిగా పిలిచాడు.