తెర ఆర్పే బటన్

స్లయిడ్లు చూసి చూసి నాకు రోత పుట్టింది. అవినాశి రోడ్డులో ఒక శిక్షణ కేంద్రంలో ఆరేళ్లుగా నేను నేర్పేది అదే, స్లయిడ్లు పెట్టుకుని నలుగురి ముందు ఎలా మాట్లాడాలో. మిల్లు ఆఫీసర్లు వస్తారు, పంపుల కంపెనీల ఇంజనీర్లు వస్తారు. ఒక్కో స్లయిడ్‌లో పద్నాలుగు వాక్యాలు కుక్కుతారు. అక్షరాలు గిరగిరా తిరుగుతూ వచ్చి పడతాయి. చివర ఒక గులాబీ పువ్వు. ఆపైన మనకి వీపు చూపించి, గోడ మీద ఉన్నదాన్ని ఉన్నట్టే చదువుతారు. చదవడం మాకూ వచ్చు నాయనా అనాలని నోటిదాకా వస్తుంది. అనకుండా జీతం తీసుకుంటాను.

మా అమ్మ ముత్తుసెల్వి కోయంబత్తూరులో మా వార్డులోనే చెత్త ఎత్తుతుంది. ఒప్పందం తీసుకున్న కంపెనీ కింద ఆమెతో కలిపి ముప్పైరెండు మంది ఆడవాళ్లు. తెల్లారకముందే వీధుల్లోకి దిగి, పదకొండుకి షెడ్డు దగ్గర కూర్చుని అన్నం డబ్బాలు విప్పుతారు. ఆ షెడ్డులో కుళాయి లేదు. చేతులు పాత పేపరుకి తుడుచుకుని ఆ చేత్తోనే కలుపుకుని తింటారు. కంపెనీ ఇచ్చే గ్లవ్స్ వారానికే చినుగుతాయి. మొన్న ఎండాకాలంలో అమ్మతో పనిచేసే పొన్ను అత్త కామెర్లతో నెల రోజులు మంచాన పడింది. అప్పటినుంచి అమ్మ ఒక కుళాయి, ఒక సబ్బు అని అడుగుతూనే ఉంది. కంపెనీ కాగితాల్లో మాత్రం ఆ కుళాయి ఎప్పుడో వచ్చేసింది.

ఈసారి వార్డు సమావేశంలో పనివాళ్ల తరఫున ఒకరు ఐదు నిమిషాలు మాట్లాడాలని ఆరోగ్య అధికారిణి పట్టుబట్టింది. అందరూ అమ్మని ముందుకు తోశారు. స్లయిడ్లు నేను చేశాను. నాలుగే నాలుగు. ఖాళీ గోడతో షెడ్డు ఫోటో. ముప్పైరెండు అనే అంకె, వెనక వరసకి కూడా కనపడేటంత పెద్దది. పని దిగాక తీసిన అమ్మ కుడి చేయి, గోళ్ల సందుల్లో నలుపుతో సహా. ఆఖరున, ఒక కుళాయి కావాలి అని తమిళంలో ఒక్క వాక్యం. నా ఆరేళ్ల ఉద్యోగంలో నేను సిగ్గుపడకుండా చేసిన స్లయిడ్లు అవి.

వాటిని ముందుగా చూడాలని కంపెనీ మేనేజరు శరత్‌కుమార్ మా ఇంటికే వచ్చాడు. అతనూ ఇంట్లో తెలుగు మాట్లాడే నాయుళ్ల అబ్బాయి. మనం మనం తెలుగువాళ్లం అని నవ్వుతూ మొదలుపెట్టాడు. అమ్మ ఇచ్చిన మంచినీళ్ల లోటాని మాత్రం తాగకుండా పిట్టగోడ మీద పెట్టేశాడు. అమ్మ వయసులో సగం లేడు, ఆమెని ఏమ్మా సెల్వీ అని పిలుస్తాడు. చేయి ఫోటో రాగానే ముక్కు చిట్లించాడు.

"ఇది తీసేయి మా. సార్లు వడ తినే టైములో ఇట్లాంటిదా చూపించేది? అరువరుప్పుగా, రోతగా ఉండాది. చూసేవాండ్లకి ఇంపుగా ఉండాలని నువ్వేగదా క్లాసులో చెప్పేది."

చెప్పేది నేనే. అందుకే ఒళ్లు మండింది. ఫోటో మార్చకపోతే మాట్లాడేవాళ్ల జాబితాలో అమ్మ పేరు ఉండదని కూడా చల్లగా చెప్పి పోయాడు. నేను మార్చాను. ఇంటర్నెట్‌లో దొరికిన ఎవరో తెల్ల దొరసాని చేతులు, తళతళలాడే కుళాయి కింద, నురగలో. ఆ బొమ్మని నా చేత్తోనే అతికించాను.

మరునాడు సాయంత్రం అమ్మకి రిమోట్ వాడటం నేర్పాను. ఒక బటన్ ముందుకి, ఒకటి వెనక్కి. మూడోది నొక్కితే తెర నల్లబడుతుంది. గోడని కాకుండా నిన్నే చూడాలి అనుకున్నప్పుడు అది నొక్కమన్నాను. అమ్మ మూడోదాన్నే పదిసార్లు నొక్కి చూసుకుంది.

"నన్ను చూసి ఏమి చేస్తారు పాపా వాండ్లు?" అని అడిగింది.

సమావేశం పదకొండుకి. పని మానుకోవడానికి శరత్‌కుమార్ ఒప్పుకోలేదు కాబట్టి అమ్మ చెత్త బండి వదిలి తిన్నగా వచ్చింది. వార్డు ఆఫీసు వరండాలో కుళాయి ఉంది. చేతులు కడుక్కుని రమ్మన్నాను. వద్దు పాపా, తర్వాత, అంది. నలుగురిలో నా పరువు తీస్తుందేమోనని చిరాకు పడ్డాను. అవును, ఆ క్షణంలో నాకు తోచింది అదే.

ముందు శరత్‌కుమార్ ఇరవై నిమిషాలు వాయించాడు. బాణాలు, చక్రాలు, పచ్చటి ఆకులు, ఎగిరే అక్షరాలు. ఆరోగ్య అధికారిణి రెండుసార్లు గడియారం చూసింది. తర్వాత అమ్మ లేచింది. షెడ్డు చూపించింది, ముప్పైరెండు చూపించింది, ఒక్క మాట కూడా చదవలేదు. మూడోసారి నొక్కగానే దొరసాని చేతులు వచ్చాయి. అమ్మ వాటిని కాసేపు చూసి, మూడో బటన్ నొక్కింది. తెర నల్లబడింది. అందరూ ఆమె వైపు తిరిగారు.

అమ్మ రిమోట్ కింద పెట్టి బల్ల మీదున్న వడల పళ్లెం తీసుకుంది. ఒక్కో వడనీ వేళ్లతో పట్టుకుని ఒక్కొక్కరికీ అందించడం మొదలుపెట్టింది. ఆరోగ్య అధికారిణి ఇప్పుడే తిన్నానంది. పక్కాయన నూనె పడదన్నాడు. ఇంకొకాయనకి శనివారం ఉపవాసం గుర్తొచ్చింది. ఆ రోజు గురువారం. శరత్‌కుమార్‌కి ఫోను రాకుండానే ఫోను వచ్చింది. ఆ ముఖాల్ని చూస్తుంటే నాకు అసహ్యం పొంగుకొచ్చింది. తినండి, ఇప్పుడు తినండి అని లోపల అరుస్తున్నాను.

అప్పుడు అమ్మ నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు తీసుకో పాపా."

వడ మీద ఆమె బొటనవేలు ఉంది. గోరు చుట్టూ నలుపు. పొద్దున్నించి ఏమేం ఎత్తిందో ఆ వాసన వచ్చింది. నా చేయి లేవలేదు. ఎంత లెమ్మన్నా లేవలేదు.

అమ్మ నన్ను ఒక్క క్షణం చూసి గదిలో ఉన్నవాళ్ల వైపు తిరిగింది. నా కూతురు కూడా తినదు అని తమిళంలో మెల్లగా చెప్పింది. మేం ముప్పైరెండు మందిమీ రోజూ ఈ వేళకి ఈ చేత్తోనే తింటాం అంది. ఆ వడని తానే తినేసి, వచ్చి కూర్చుంది. నాలుగో స్లయిడ్ ఎవరికీ అక్కర్లేకపోయింది.

పన్నెండు రోజుల్లో కుళాయి వచ్చింది. శరత్‌కుమార్ దాని ముందు నిలబడి ఫోటో తీయించుకున్నాడు, వచ్చే నెల స్లయిడ్లలో పెట్టుకోవడానికి.

ఆ రోజు పదకొండుకి నేను సెలవు పెట్టి షెడ్డుకి వెళ్లాను. ఆడవాళ్లు వరసగా నిలబడి కడుక్కుంటున్నారు. అమ్మ సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుని, వచ్చి కూర్చుని, పులుసన్నం కలిపి, ఒక ముద్ద నా నోటికి అందించింది. తిన్నాను. బాగుంది కదా అని కూడా అన్నాను.

అమ్మ ఇంకో ముద్ద కలుపుతూ, "కడుక్కొనేసినాను గదా, అందుకే తింటా ఉండావు" అంది. కోపం లేదు ఆ గొంతులో. నేను తలెత్తకుండా రెండో ముద్ద కూడా తిన్నాను.