మూడు దెబ్బలు

ఎర్ర పెన్సిలు గీత మూడోసారి అదే వాక్యం మీద పడింది. ఓటీలి క్నీరీమ్ ఆ కాగితాన్ని టైపు మిషను పక్కన పెట్టి కాఫీ కప్పు ఎత్తబోయింది. తాగకుండానే మళ్లీ దించేసింది. ఒళ్లు మండిపోతోంది.

వెట్టర్‌హాన్ రైలింజన్ల కార్ఖానా పుట్టి నూట పాతికేళ్లయింది. 1960 సెప్టెంబరులో ఉత్సవం. ఆ సందర్భంగా కంపెనీ చరిత్రను తోలు అట్ట వేసి పుస్తకంగా తెస్తున్నారు. రాసేది విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన డాక్టర్ లోయ్‌కెల్. టైపు చేసేది డైరెక్టరు కార్యాలయంలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న ఓటీలి. కంపెనీ పెట్టిన పెద్దమనిషి మీసాల మీద రెండు పేజీలు రాశాడాయన. ఏదో సుల్తానుకు పంపిన ఇంజను మీద ఐదు. యుద్ధంలో బాంబులకు కూలిన పైకప్పు మీద కన్నీళ్లతో ఒక పేజీ. ఆ పైకప్పు కింద తుపాకీ చూపించి పని చేయించిన విదేశీయుల మీద ఒక్క ముక్క లేదు. బాయిలర్ల శాలకు ఒకటిన్నర పేజీ దక్కింది, అందులో 'సుత్తుల సంగీతం' అన్న మాట రెండుసార్లు వచ్చింది. సంగీతమట! ఆ సంగీతం పదేళ్లు విన్నవాడెవడూ ఆ తర్వాత ఇంకేదీ వినలేదు.

ఆ అధ్యాయం చివర ఇలా ఉంది: "ఇన్నేళ్లలో మా బాయిలర్ల శాలలో ఒక్క ప్రాణం కూడా పోలేదు."

దాన్ని తీసేసి, ఆ చోట ఓటీలి ఒక వాక్యం పెట్టింది. "1934 మార్చి 9న వీగాండ్ క్నీరీమ్ అనే పంతొమ్మిదేళ్ల కార్మికుడు ఈ శాలలో బాయిలర్ లోపల చనిపోయాడు." వీగాండ్ ఆమె అన్న. ఆమెకు కావలసింది ఆ ఒక్క వాక్యమే. డైరెక్టరు ట్రీషన్ మూడుసార్లూ దాని మీద గీత గీసి, పాత వాక్యాన్ని అంచులో తన చేత్తో రాశాడు.

కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లింది.

"ఫ్రాయిలైన్ క్నీరీమ్, మళ్లీ అదేనా?" అన్నాడాయన తల ఎత్తకుండానే. "మీ అన్నయ్య సంగతికి నాకూ బాధే. కానీ ఆయన పోయింది శాలలో కాదు కదా. రికార్డు చూశాను. గేటు బయట, రోడ్డు మీద."

"గేటు బయటికి మోసుకెళ్లారు కాబట్టి, డైరెక్టరు గారూ. మోసేటప్పటికే ఊపిరి లేదు."

"మీరు చూశారా?"

"మా నాన్న చూశాడు."

"మీ నాన్నగారు!" ట్రీషన్ ముఖం వెలిగింది. "మంచిగా గుర్తుచేశారు. ఉత్సవానికి ముందు ప్రచారం కోసం ఈ శనివారం పత్రికలవాళ్లను పిలిచాం, ఆయన్ని తీసుకురండి. పాత బాయిలరొకటి ముందు మైదానంలో పెడుతున్నాం. ఆయన లోపల కూర్చుంటాడు, బయటినుంచి ఆయన పాత స్నేహితులు ఒక్క రివెట్టు కొడతారు. ఐదు సెకన్లు చాలు. ఫొటోలు అదిరిపోతాయి. చూడండి, మేం ఎవరినీ మరిచిపోలేదు!"

ఓటీలి కాగితం మడిచి బయటికి వచ్చేసింది. ఇంకో క్షణం ఉంటే ఉద్యోగం అప్పుడే పోయేది.

ఆమె తండ్రి ఎవాల్డ్‌ది లోపలి పని. బాయిలరు గొట్టంలోకి పాకి, గొంతుకూర్చుని, ఉక్కు దిమ్మను, రేకులను కలిపే ఎర్రగా కాలిన రివెట్టు తలకు ఆనించి పట్టుకోవాలి. బయట ఇద్దరు గాలి సుత్తులతో దాని తోక అణచాలి. ఆ శాలలో నోటితో మాట్లాడటం కుదరదు, అందుకే అంతా చేతి సైగలే. ఒకే ఒక నియమం సైగతో పనిలేనిది: లోపలివాడు రేకు మీద మూడు దెబ్బలు కొడితే బయటివాళ్లు ఆపాలి. కొట్టేదాకా ఆపకూడదు. సగంలో ఆపితే రివెట్టు చల్లారిపోతుంది, దాన్ని తీసి మళ్లీ వేయాలి, మేస్త్రీ నెత్తినెక్కుతాడు.

పన్నెండేళ్లు లోపల కూర్చుని ఎవాల్డ్ పూర్తిగా చెవిటివాడయ్యాడు. అప్పుడు దయతలిచి అతన్ని బయట సుత్తి పట్టుకోమన్నారు. లోపలికి కొడుకును పంపారు. ఆ మూడు దెబ్బలు వినవలసిన చోట చెవిటివాణ్ణి నిలబెట్టారన్నమాట. అడిగితే, రేకు మీద అరచెయ్యి పెడితే తెలుస్తుంది కదా అన్నాడు మేస్త్రీ. రెండు చేతులా సుత్తి పట్టుకున్నవాడు మూడో చెయ్యి ఎక్కడినుంచి తేవాలో ఆ మేస్త్రీ చెప్పలేదు.

ఆ రోజు లోపల పొగ పట్టేసింది. వీగాండ్ మూడు దెబ్బలు కొట్టాడా, కొట్టకముందే స్పృహ తప్పాడా అన్నది ఎవరికీ తెలియదు. బయట అతని తండ్రి సుత్తి ఆడిస్తూనే ఉన్నాడు. ఇరవై ఆరేళ్లుగా ఎవాల్డ్ ఆ మాట ఎత్తలేదు. ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వలేదు.

"నువ్వు వెళ్లొద్దు నాన్నా," అంది ఓటీలి ఆ సాయంత్రం చేతులతో. శాల సైగలే ఇంటి భాష అయి చాలాకాలమైంది. "నిన్ను కోతిని ఆడించినట్టు ఆడిస్తారు."

ఎవాల్డ్ ఎండు సాసేజిని పల్చగా కోస్తూ ఉన్నాడు. కత్తి కింద పెట్టి, "రూపెల్ వస్తున్నాడా? ష్టూబర్?" అని పాత సుత్తివాళ్ల సంగతి చేతులతో అడిగాడు.

"ఇద్దరూ వస్తున్నారు."

"అయితే వస్తాను."

"నీకసలు సిగ్గు లేదా?" అని నోటితోనే అరిచేసింది ఓటీలి. ఆయనకు వినపడదని తెలిసే అరిచింది. ఆయన ఆమె పెదాల వైపు చూసి, మళ్లీ కత్తి అందుకున్నాడు.

శనివారం మైదానం నిండా జెండాలు, బ్యాండు, మేయరు, పత్రికలవాళ్లు. దిమ్మెల మీద, తుప్పు గీకి నల్లరంగు పూసిన పాత బాయిలరు, ఒకవైపు నోరు తెరిచి ఉంది. రూపెల్, ష్టూబర్ ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లు, ఇద్దరికీ చెవులు పోయాయి. గాలి గొట్టాలు బిగించిన సుత్తులు పట్టుకుని ఇరుపక్కలా నిలబడ్డారు. ఓటీలిని గాలి కవాటం దగ్గర నిలబెట్టారు. ఆఫీసువాళ్లలో సైగలు తెలిసినది ఆమె ఒక్కతే మరి.

"డైరెక్టరు గారూ, మీరూ లోపలికి వెళ్తే ఫొటో బాగుంటుంది!" అని ఒక ఫొటోగ్రాఫరు కేకేశాడు. జనం చప్పట్లు కొట్టారు. ట్రీషన్ నవ్వుతూ కోటు విప్పి, నడుం వంచి లోపలికి దూరి వెనక్కంటా వెళ్లి కూర్చున్నాడు. ఎవాల్డ్ అతని వెనకే పాకి, బాయిలరు నోటికి అడ్డంగా, ట్రీషన్‌కు వీపు పెట్టి కూర్చున్నాడు. ఒక చేత్తో ఉక్కు దిమ్మ, ఇంకో చేత్తో చిన్న సుత్తి. దిమ్మ ఆనించి, రూపెల్ వైపు చూసి పిడికిలి ఎత్తాడు.

సుత్తులు మొదలయ్యాయి.

బ్యాండు వినపడటం ఆగిపోయింది. ముందు వరసలో ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. ఐదు సెకన్లయింది, పదయింది. రివెట్టు ఎప్పుడో అణిగిపోయింది, అయినా రూపెల్ ఆపలేదు, ష్టూబర్ ఆపలేదు. వాళ్లు చెయ్యాల్సిందే చేస్తున్నారు: మూడు దెబ్బల కోసం చూస్తున్నారు.

"ఆపండి! ఆపండయ్యా!" అని మేనేజరు ష్టూబర్ చెవిలో అరిచాడు. వినపడితే కదా! భుజం పట్టి లాగితే ఆ ముసలాయన విసురుగా మోచేత్తో తోసేశాడు. పని మధ్యలో మనిషిని ముట్టుకోకూడదని ఆ మేనేజరుకు ఎవరూ నేర్పలేదు.

"ఫ్రాయిలైన్! గాలి కట్టెయ్యండి!"

ఓటీలి చెయ్యి కవాటం మీదే ఉంది. తిప్పలేదు. ఇరవై ఆరేళ్ల కోపమంతా ఆ చేతిలోకి దిగి, ఇనుము మీద బిగుసుకుపోయింది. వినండి, అనుకుంది. మీ సంగీతం మీరూ కాసేపు వినండి. తండ్రి ముఖం కనిపిస్తోంది. కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆయన వెనక చీకట్లో తెల్ల చొక్కా ఒకటి కొట్టుకుంటోంది.

నిమిషం పైనే గడిచింది. అప్పుడు ఎవాల్డ్ కళ్లు తెరిచాడు. చిన్న సుత్తి ఎత్తి, రేకు మీద ఒకటి, రెండు, మూడు. బాయిలరు నోటి దగ్గర ఆయన చేతినే చూస్తున్న రూపెల్, ష్టూబర్ మరుక్షణం ఆపేశారు.

ట్రీషన్ మోకాళ్ల మీద బయటికొచ్చాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. మేయరు ఏదో అడిగితే, "ఏమిటి? ఏమిటీ?" అని మైదానమంతా మారుమోగేలా అరిచాడు.

గంట తర్వాత ఆఫీసు గదిలో ఓటీలి ట్రీషన్ ముందు ఆఖరి ప్రతి పెట్టింది. అచ్చుకు నాలుగు గంటల రైల్లో వెళ్లాలి. బాయిలర్ల అధ్యాయంలో ఆమె వాక్యం నాలుగోసారి టైపు చేసి ఉంది. మేనేజరు అప్పటికే అంతా యంత్రం లోపమని పత్రికలవాళ్లకు చెప్పేశాడు. ట్రీషన్ ఆ వాక్యం చదివాడు. ఆమెకేసి చూశాడు. చెవిలో వేలు పెట్టుకుని తల విదిలించుకున్నాడు. తర్వాత ఎర్ర పెన్సిలు తీసి నెమ్మదిగా, వంకరగా, దాని మీద గీత గీసి, పాత వాక్యాన్ని మళ్లీ అంచులో రాశాడు.

"ఇక వెళ్లండి!" అన్నాడు, చెవిటివాళ్లు మాట్లాడినంత గట్టిగా.

స్టేషనుకు నడిచేటప్పుడు తండ్రి పక్కనే ఉన్నాడు. ఓటీలి కోపం ఇంకా చల్లారలేదు, ఇప్పుడది ఆయన మీదికి మళ్లింది. దారి మధ్యలో ఆగి, "ఎందుకు ఆపించావు?" అని చేతులతో అడిగింది. "ఇంకాసేపు ఉండనివ్వాల్సింది. వాడికింకా బుద్ధి రాలేదు. నేనైతే ఆపేదాన్ని కాదు."

ఎవాల్డ్ కోటు జేబుల్లోంచి చేతులు బయటికి తీశాడు.

"వాడు నా వీపు మీద కొట్టాడు," అన్నాయి చేతులు. "మూడుసార్లు." మూడు వేళ్లు ఎత్తి చూపించాడు. "మూడు కొడితే ఆపాలి తల్లీ. నాకు తెలిస్తే ఆపనా?"

ఓటీలి ఆ రెండు చేతులూ పట్టుకుని రోడ్డు పక్కనే నిలబడిపోయింది. జనం తప్పుకుని వెళ్తున్నారు.

స్టేషనులో బల్ల మీద ఆ ప్రతి విప్పింది. డాక్టర్ లోయ్‌కెల్‌కు ఉదయం గీత పెట్టిన వాక్యం మీద మధ్యాహ్నానికి మనసు మారేది. అలాంటప్పుడు చెయ్యాల్సింది ఆమెకు చెయ్యి తిరిగిన పనే. గీత పడ్డ మాటల కింద వరసగా చుక్కలు పెడితే, ఆ గీతను లెక్కచెయ్యొద్దని అర్థం. ఆ చుక్కలు చూశాక ఏ అచ్చువాడూ ఎవరినీ అడగడు, అక్షరాలు పేర్చేస్తాడు.

ముందు అంచులోని పాత వాక్యాన్ని అడ్డంగా గీకేసింది. తర్వాత తన వాక్యం కింద చుక్కలు పెట్టసాగింది. తేదీ కింద, పేరు కింద, 'పంతొమ్మిదేళ్ల' కింద. సోమవారం ఉద్యోగం ఉండదని తెలుసు. సెప్టెంబరులో ఉత్సవం రోజున ఆ తోలు అట్ట పుస్తకాలు రెండు వేలు పంచుతారనీ తెలుసు. 'బాయిలర్ లోపల' అన్న మాటల దగ్గరికి వచ్చేసరికి పెన్ను తండ్రి చేతికిచ్చింది. ఎవాల్డ్ కళ్లద్దాలు పెట్టుకుని, కాగితం మీదికి వంగి, మిగిలిన చుక్కలు ఒక్కొక్కటే గట్టిగా నొక్కి పెట్టాడు.