మరక కనపడని తివాచీ

జానీ బాషా గీసిన బొమ్మల మీద రోజూ కొన్ని వేలమంది నడుస్తారు. ఒక్కరూ తల దించి చూడరు. చూడకపోతేనే అతని పని బాగున్నట్టు. అబూదాబీ హోటళ్లలో పెళ్లిళ్లూ విందులూ జరిగే పెద్ద హాళ్లకు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచే తివాచీలకు డిజైన్లు గీయడం అతని ఉద్యోగం. వాటి మీద టీ ఒలికినా కూర పడినా కనపడకూడదు. కనపడిందా, హోటలువాళ్లు కంపెనీకి ఫోను చేస్తారు, కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, జానీ బాషాను పిలుస్తాడు, ఆ పైన జరిగేది మర్యాదగా ఉండదు.

ప్రొద్దుటూరులో మగ్గాలకు గ్రాఫు కాగితం మీద చీర అంచులు గీసే మనిషి, అబూదాబీ పారిశ్రామికవాడ ఐకాడ్‌లోని తివాచీ ఫ్యాక్టరీకి వచ్చి పందొమ్మిదేళ్లయింది. వచ్చిన కొత్తలో పూలు, తీగలు, నెమళ్లు మనసుపెట్టి గీశాడు. ఒక పెళ్లిలో ఎవరో నెమలి మెడ మీద మాంసం పులుసు ఒలకబోశారు. అది హాలు ఆ చివర నుంచి కూడా కనపడింది. ఆ రోజు తిన్న తిట్లతో అతనికి జ్ఞానోదయమైంది. మరకను దాచాలంటే దాని పక్కన ఇంకో మరకనే పెట్టాలి. నూరు మరకల మధ్య నూటొకటోది ఎవరికి తెలుస్తుంది?

అప్పటి నుంచి అతనికి గురువు అయ్యప్ప. ఈ అయ్యప్ప నెల్లూరు మనిషి, ఒక హోటల్లో క్లీనింగ్ సూపర్‌వైజర్. విందు ముగిసి జనం వెళ్లిపోయాక తివాచీ మీద మిగిలినవన్నీ ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపుతాడు. కరక్ చాయ్, దానిమ్మరసం, మందీ అన్నం నెయ్యి, పిల్లలు కక్కుకున్న ఐస్‌క్రీము. జానీ బాషా బనియాస్‌లో నలుగురితో కలిసి ఉండే గదిలో తన మంచం మీద బాసింపట్టు వేసుకుని, మిగతావాళ్లు ఊళ్లో ఉన్న పిల్లల ఫోటోలు చూసుకున్నంత ప్రేమగా వాటిని చూసుకుంటాడు. టీ మరకకు అంచు ముదురుగా, నడుమ పలచగా ఉంటుందనీ, పులుసు అలా కాక నడుమనే ముదురుతుందనీ అతనికి తెలిసినంతగా లోకంలో ఎవరికీ తెలియదు. కరోనా వచ్చిన ఏడాది హాళ్లన్నీ మూతపడ్డాయి. ఎవరూ ఏమీ ఒలకబోయలేదు. ఎనిమిది నెలలు ఆ మహానుభావుడి చేత ఒక్క కొత్త డిజైనూ పడలేదు. లోకమంతా రోగానికి భయపడి ఏడుస్తుంటే ఇతను మరకలు లేక ఏడ్చాడు.

ఇదంతా కంపెనీ బయటకు చెప్పుకోదు. ముదీర్ షాహబాజ్ ప్రతి డిజైనుకూ ఒక కథ రాయిస్తాడు. దానిమ్మరసం ఒలికిన డిజైను పేరు ‘సంధ్యవేళ ఇసుక తిన్నె’. ఐస్‌క్రీముది ‘డేగ రెక్క’. జానీ బాషా పందొమ్మిదేళ్లలో డేగను దగ్గరగా చూసింది లేదు. ఎడారిని చూశాడు గానీ, అది ఫ్యాక్టరీ బస్సు కిటికీలోంచి, సగం నిద్రలో.

కంపెనీ చెబితే అది వ్యాపారం. జానీ బాషా తన అబద్ధం ఇంట్లో చెప్పాడు. తోటలు గీస్తున్నానని భార్య హుస్సేనమ్మకు ఫోన్లో చెప్పాడు, ఆమె వీధంతా చెప్పింది. ఆ తర్వాత మరకలు గీస్తున్నానని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇతను రచ్చ గెలిచి ఇన్నేళ్లయినా ఇంటి జోలికి వెళ్లలేదు.

2023 చలికాలంలో హుస్సేనమ్మ నెల రోజుల విజిట్ వీసా మీద వచ్చింది. అదే నెలలో ఒక కొత్త హోటలు హాలు తెరుస్తున్నారు. అక్కడి తివాచీ జానీ బాషాది. తను గీసినవాటిలో అంత గొప్పది ఇంకొకటి లేదని అతనికే తెలుసు. షాహబాజ్‌ను బతిమాలి రెండు పాసులు తెచ్చుకున్నాడు. తనవాళ్లలో ఒక్కరు తల దించి చూసి బాగుందంటే చాలుననిపించింది. అనకపోతే ఇన్నేళ్ల పనీ దండగే అనిపించింది. అందుకని ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

హాలు వాకిట్లోనే హుస్సేనమ్మ చెప్పులు విడిచింది. గార్డు కంగారుపడ్డాడు. అందరూ బూట్లతోనే వెళ్తున్నారు, వేసుకోమని జానీ బాషా చెవిలో చెప్పాడు.

“ఇంత మంచి జంఖానా మింద చెప్పులతో యాడన్నా తొక్కుతారా?” అందామె.

అయిదు వందల మందిలో ఒట్టి కాళ్లతో నడిచింది ఆమె ఒక్కతే.

అందరూ తలలెత్తి దీపాల గుత్తులు చూస్తున్నారు. ఒట్టి కాళ్లు గనక ఆమె మాత్రం కింద చూసుకుంటూ నడిచింది. వేదిక మీద షాహబాజ్ ఎడారి గాలి గురించీ, డేగ చూపు గురించీ మాట్లాడుతున్నాడు. నాలుగడుగులు వేసి ఆమె ఆగిపోయింది.

“అయ్యో, ఎవరో టీ ఒలకబోసి తుడవకుండా పోయినారు,” అంటూ కూర్చుని, సీసాలో నీళ్లతో కొంగు తడుపుకుని రుద్దడం మొదలుపెట్టింది. అది పోలేదు. మరకకు మొండితనం ఎక్కువైతే హుస్సేనమ్మకు పట్టుదల ఎక్కువవుతుంది. ఇంకా గట్టిగా రుద్దింది. జానీ బాషా తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అదే సమయానికి డేగకు చప్పట్లు కొట్టారు.

ఆమె తల తిప్పేసరికి రెండు బారల అవతల ఇంకో మరక కనిపించింది. దానికీ అదే వంపు, పక్కన అదే చిన్న చుక్క. దాని అవతల ఇంకొకటి. మగ్గాల వీధిలో పుట్టి పెరిగిన మనిషి. ఒకే రూపం ఒకే దూరంలో మళ్లీ మళ్లీ వచ్చిందంటే అది ఒలికింది కాదు, వేసిందని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

“ఇది నువ్వేసిందేనా?”

జానీ బాషా ఆమె పక్కనే చతికిలబడ్డాడు. నెమలి మెడ, అయ్యప్ప ఫోటోలు, ఫోన్లో చెప్పిన తోటలు, అన్నీ ఒప్పుకున్నాడు. నవ్వుతుందేమో, తిడుతుందేమో అని చూశాడు. ఆమె నవ్వలేదు. చేత్తో తివాచీని మెల్లగా నిమిరింది.

“దీని మింద ఏం పడినా కనపడదా?”

“కనపడదు.”

“పదకొండేండ్ల కింద కార్గోలో మన ఇంటికి ఒకటి పంపితివే, అది గుడక ఇట్లాందేనా?”

“ఆ. అప్పట్లో బాగా కుదిరిన డిజైను అదే.”

హుస్సేనమ్మ తడి కొంగు పిండుకుంది.

“మరకలు పడ్తాయని చుట్టి, ప్లాస్టిక్ కవరు కట్టి బీరువా మింద పెట్టినా. రంజాన్ పండగకు గుడక నీ తోట మింద ఎవర్నీ కాలు పెట్టనీలే. వచ్చినోళ్లందర్నీ చాప మింద కూచోబెట్టినా,” అంది.

పదకొండేళ్లుగా పిల్లలు దాని మీదే కూర్చుని అన్నం తింటున్నారని అనుకుంటున్నాడతను. ఎన్నోసార్లు ఆ సంగతే తలుచుకుని నిద్రపోయాడు. సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు అది పరచి లేకపోతే, తను వస్తున్నాడని దులిపి దాచారనుకున్నాడు. తప్పు ఆమెది కాదు. తోట అని చెప్పింది తనే. తోట మీద ఎవరు మాత్రం కూర ఒలకబోసుకుంటారు?

హుస్సేనమ్మ ఫోను తీసింది. బీరువా మీదున్న జంఖానా దించి నట్టింట్లో పరచమనీ, దాని మీదే కూర్చుని టీ తాగమనీ కూతురు ఆఫ్రీన్‌కు వాయిస్ మెసేజ్ పెట్టింది. షాహబాజ్ ప్రసంగం ముగిసేలోగానే జవాబు వచ్చింది. ఏమన్నా ఒలికితే నాయన కోప్పడడా అని ఆఫ్రీన్ అడిగింది.

హుస్సేనమ్మ మొగుడి వైపు ఒకసారి చూసి, ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

“ఒలకబోసుకునేదానికే గీసినాడంట మీ నాయన.”