పట్టా కింద ఎండ

కూరగాయల అంగడి నడిపే తెల్మా దేన్నయినా గిట్టుబాటు లెక్కలోనే చూస్తుంది. అలాస్కాలో, తానానా నది ఒడ్డున ఉన్న ఆమె పొలానికి మంచు పడని రోజులు ఏటా తొంభై. స్వీట్‌కార్న్ విత్తనాల పొట్లం మీద డెబ్బై రోజుల పంట అని రాసి ఉంటుంది గానీ, అవి వెచ్చని చోటి రోజులు. ఇక్కడి చల్లని మట్టిలో గింజ మొలవకుండానే కుళ్ళిపోతుంది.

ఈ మొక్కజొన్న బేరంలోకి ఆమెను దింపింది అత్తగారు ఓపల్. కుండలో నీళ్ళు మరుగుతుండగా వెళ్ళి కోసుకొచ్చిన కండె తప్ప ఆవిడ నోట పెట్టదు. మొక్కజొన్న విరగపండే నెబ్రాస్కా వదిలి యాభై మూడేళ్ళు. అన్నేళ్ళుగా తినలేదు.

"నాకు నాలుగు పళ్ళే మిగిలాయే. వాటి గడువు కూడా లెక్కలో వేసుకో," అంది మే నెలలో.

పోయినేడు నల్ల ప్లాస్టిక్ పరిచి తెల్మా నష్టపోయింది. నలుపు ఎండనంతా తన దగ్గరే ఉంచుకుంది, మట్టికి ఇవ్వలేదు. ఈసారి గింజలు నాటి, వాటి మీద నీళ్ళలా తేటగా ఉన్న ప్లాస్టిక్ పట్టా పరిచి, అంచుల మీద మట్టి ఎగదోసింది.

"ఏంటి తెల్మా, పొలానికి రెయిన్‌కోటు తొడిగావా?" కంచె అవతల నుంచి పక్క పొలం క్లైడ్ నవ్వాడు.

"నీ నోటికి తొడుగుదామనుకున్నా. అంత పెద్ద సైజు దొరకలేదు."

వారం తర్వాత, వేళ్ళు కొంకర్లు పోయే పొద్దున, పట్టా అంచు ఎత్తి చేయి లోపల పెట్టింది. మట్టి ఆవు పొదుగంత వెచ్చగా ఉంది. కొలుద్దామని తెచ్చిన థర్మామీటరు జేబులోనే ఉండిపోయింది. చాలాసేపు ఆమె చేయి తీయలేదు.

మొలకలు పట్టాకు తలలు ఆనించగానే, మాడిపోకముందే చీలికలు కోసింది. పొద్దు వాలని జూన్‌లో అవి నిద్ర మానేసి పెరిగాయి.

ఆగస్టు మూడో వారంలో గింజకు గోరు గుచ్చితే నీళ్ళే వచ్చాయి. తినే పాకానికొస్తే పాలు రావాలి. తెల్లారేసరికి మంచు పడుతుందని రేడియో చెప్పింది.

"ఇప్పుడే కోసెయ్. లేతవైనా సంతలో ఎవరో ఒకరు కొంటారు," అన్నాడు క్లైడ్.

లెక్క ప్రకారం అదే సరైన మాట. ఇంకొకరు అడిగితే తెల్మా కూడా అదే చెప్పేది. కానీ దుప్పట్లు, కిటికీ తెరలు, చివరికి ఓపల్ బల్లగుడ్డ కూడా తెచ్చి మొక్కలకు కప్పింది.

తెల్లారేసరికి గుడ్డలన్నీ రేకుల్లా బిగుసుకుపోయాయి. చివరి రెండు వరసలు వాడిపోయాయి. లోపలివి పచ్చగానే ఉన్నాయి. పట్టా కింద చేయి పెట్టింది. మట్టి ఇంకా గోరువెచ్చగానే ఉంది. వేసవి ఎండను ఖర్చు పెట్టకుండా దాచుకున్నట్టు.

ఆ తర్వాత ఓపల్ రోజూ పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. ఐదు రోజులూ అవి ఊరికే మరిగాయి. ఆరో రోజు తెల్మా గోరు గుచ్చగానే పాలు చివ్వున ఎగిరి కళ్ళద్దాల మీద పడ్డాయి.

"అత్తయ్యా, నీళ్ళు!"

"ఎప్పుడో మరిగాయి. పరిగెత్తవే!"

ఓపల్ ఆ నాలుగు పళ్ళతోనే కండె చివరిదాకా తింది. తర్వాత కర్ర పట్టుకుని పొలంలోకి నడిచి, వంగి, చేయి పట్టా కిందకు దూర్చింది.

"ఒసేయ్, జూలై నెలను ఇక్కడ దాచావా?"

తెల్మా కళ్ళద్దాలు తుడుచుకుని ఆవిడ వంక చూసింది. ఓపల్ వంగినది వంగినట్టే ఉంది.

"అలా చూస్తావేం? ఇంకోటి కొయ్యి. నీళ్ళు ఇంకా మరుగుతున్నాయి."