కిటికీలో కారు

మా మరిదికి తీరిక ఎక్కువ, సలహాలు ఇంకా ఎక్కువ. "ఆన్‌లైన్‌లో కనిపించకపోతే మీ కౌన్సెలింగ్ సెంటర్‌కి ఎవరొస్తారు వదినా?" అని రోజూ నా ప్రాణం తీసేవాడు. పోరు పడలేక ఒక్క షరతు మీద సరేనన్నాను. వచ్చేవాళ్ళ ఆనవాలేదీ బయటికి పోకూడదు.

మహా జాగ్రత్తపరుడు కదా, వెయిటింగ్ రూమ్ ఫోటో తీసి గోడ గడియారాన్ని కూడా మసక చేశాడు. "మనుషుల్లేరు, మొహాల్లేవు" అని మురిసిపోతూ చూపించాడు. నేనూ తలూపాను. కిటికీ వైపు ఇద్దరమూ చూడలేదు.

కిటికీ అవతల డ్రైవింగ్ స్కూల్ కారు. దాని నెత్తిన ఇంతలేసి అక్షరాల బోర్డు: 'భయమెందుకు? పక్కన మేమున్నాం!' ఫోటో కింద మా మరిది రాత: 'భయంతో వస్తారు, నవ్వుతూ వెళ్తారు.'

ఆ స్కూల్ మాస్టారు నా దగ్గరికి వచ్చేది సరిగ్గా ఆ భయం గురించే. నెలన్నర కిందట ఓ శిష్యురాలు కారుని కాలవలోకి దింపిన దగ్గర్నుంచి, నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుంటే చాలు, ఆయన కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి. సంగతి బయటికి పొక్కితే స్కూల్ మూసుకోవాల్సిందే.

నేను గమనించేసరికి ఫోటో ఆన్‌లైన్‌లో పెట్టి రెండు గంటలు దాటింది. వెంటనే దాన్ని అక్కణ్ణుంచి తీసేయించి, ఎందుకో చెప్పకుండానే మరిదిని చెడామడా తిట్టాను. కానీ చూసి తలూపింది నేనే. నా మీద నాకే అసహ్యం వేసింది. సాయంత్రం మాస్టారు రాగానే దాచకుండా చెప్పేశాను.

"క్షమించండి. నలభై మంది లైక్ కొట్టారు."

"అందులో ఒకటి నాదేనండి," అన్నారాయన నీరసంగా. "సోఫా బాగుందని కొట్టాను. ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి."

"ఏమంటున్నారు?"

"కౌన్సెలింగ్ మేడమ్ గారు మీ దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటున్నారా, అని."

నాకు స్టీరింగ్ చూస్తేనే చెమటలు. కాదంటే, మరి ఆ కారు అక్కడెందుకుందని అడుగుతారు. చచ్చినట్టు మర్నాడు పొద్దున్నే డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. పక్కన మాస్టారు, ఆయన కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది.

"మీకూ భయమేనా?" అని గొణిగారాయన.

"మీకంటే ఎక్కువ."

ఇంజన్ స్టార్ట్ చేశాను. ఎదురుగా మరిది ఫోన్ పైకెత్తాడు. "ఫోటో తియ్యొద్దు!" అని అరిచి ఏది తొక్కానో ఏమో, కారు తిన్నగా అతని మీదికే దూసుకెళ్ళి, టక్కున ఆగింది. మరిదికీ బంపర్‌కీ మధ్య జానెడు.

నా కాళ్ళు రెండూ ఎప్పుడో సీటు మీదికి వచ్చేశాయి. కిందికి చూశాను. బ్రేకు మీద మాస్టారి కాలు ఉంది. నెలన్నరగా కదలని ఆ కాలిని ఆయన నాకంటే ఆశ్చర్యంగా చూసుకుంటున్నారు.