పదిరూపాయల గుండిగ

హేమంతసమాగమమున దిశాంతరములన్నియు నిబిడనీహారపటలావృతములై యుండ మందకిరణుడైన మార్తాండుడు తాటితోపుల వెనుకనుండి యల్లనల్లన పైకి వచ్చుచుండ తుషారసిక్తములైన పెంకుటిండ్ల చూరులనుండి చినుకులు జాఱుచుండ పందిళ్లపేట పట్టణమందలి సాలెవీధి మార్గశీర్షామావాస్యా ప్రభాతమున మెల్లగా మేలుకొనెను. అమావాస్యనాడు మగ్గము దిగి యుండుట యా వీధి యాచారము గావున నేయింటను మగ్గపు నాడె యాడు చప్పుడు వినరాకుండెను. పడుగులు సాచి గంజి పట్టించు గుంజలు వీధి పొడవునను వట్టివై నిలిచి యుండెను. వీధి నడుమ మాత్రము మూడు రాళ్ల పొయ్యి రాజుకొనుచుండ దానిపై నొక విశాలోదరమైన యిత్తడి గుండిగ యెక్కి కూర్చుండెను. ఆనాడు పట్టణమంతయు నా గుండిగ మూత తీయు ముహూర్తమునకై యెదురుచూచుచుండెను.

ఆ గుండిగ పుట్టుపూర్వోత్తరములు చెప్పక కథ ముందునకు సాగదు. అయిదేండ్లకు పూర్వము పురపాలకసంఘపు టెన్నికల వేళ భుజంగరావుగారను వాగ్ధాటీధురంధరుడు దీర్ఘకుంకుమరేఖాలంకృతలలాటుడై కంఠలంబితకుసుమమాలికాభారనమ్రుడై యా వీధికి వేంచేసి చేతులు జోడించి యిట్లు ప్రతిజ్ఞ చేసెను.

“అమ్మల్లారా! ఇయ్యాల పది రూపాయలకి బజార్లో ఎంత సరుకొస్తందో, నన్ను గెలిపిస్తే ఐదేళ్లకీ అంతే వస్తది. రాకపోతే నన్ను నిలదీయండి!”

జనులందఱును కరతాళధ్వనులు సలుపుచుండ చెంచమ్మ యను నేతగత్తె చంకలోని నూలు చిలపల చుట్టను దింపి లేచి నిలిచెను. ఆమె మాట కత్తెర. “నిలదీయటానికి తమరు దొరకాల గదా అయ్యా! అందుకని మేమొక సాక్షిని పెట్టుకుంటాంలే” అనెను. అన్నదే తడవుగా నా దినమే పది రూపాయలకు కందిపప్పును చింతపండును మిరపకాయలును ఉల్లిపాయలును నూనెయు నెప్పటి పాళ్లలో దెప్పించి గరిటె నిలుచునంత చిక్కగా పులుసుపప్పు వండి యది గుండిగలో నెంతవఱకు వచ్చెనో యచ్చట కంచరివానిచే నొక గీత చెక్కించెను. అది మొదలు ప్రతి యమావాస్యకును వీధివారు పది రూపాయలు పోగుచేసి యదే పాళ్లలో సరుకు దెచ్చి యదే చిక్కదనమున వండి యందఱు చూచుచుండగా మూత తీసి యనంతరము పంచుకొని తినుచుండిరి.

భుజంగరావుగారు గెలిచి పురపాలకసంఘాధ్యక్షులైరి. తొలియేడు పప్పు గీతను ముద్దాడుచుండెను. మఱుసటి యేడు వ్రేలెడు దిగెను. అటుపిమ్మట దిగుటయే గాని యెక్కుట యెఱుగదు. అధ్యక్షులవారు సభలలో నేమి చెప్పినను పత్రికలలో నేమి పడినను సాలెవీధివారు గుండిగలోనికి తొంగిచూచి ముక్కుపై వ్రేలు వైచుకొనుచుండిరి. క్రమముగా నితరవీధులవారును అమావాస్యనాడు వచ్చి చూచి పోవుట కలవాటుపడిరి. ఒక పత్రికవాడు గరిటె పట్టిన చెంచమ్మ ఛాయాచిత్రమును దీసి ప్రకటించెను. అప్పటినుండి పట్టణమున చెంచమ్మ మాట వేదవాక్యము.

ఈ కీర్తివైభవమును జూచి నిలువున దగ్ధమగుచున్న హృదయమొకటి యెదురింటనే కలదు. అది యాండాళమ్మది. ఆమె రంగనాయకులను నేతగాని యిల్లాలు. చెంచమ్మ గుండిగ పొయ్యి యెక్కక పూర్వము ఆ వీధిలో పెండ్లియైనను సీమంతమైనను పప్పు గుండిగ దింపినది యాండాళమ్మ చేయియే. ఆ దినములలో ప్రతివారును “ఆండాళమ్మొచ్చిందా?” అని యడిగి గాని విస్తరి ముందు కూర్చుండెడివారు కారు. ఇప్పుడో, ఆ నోళ్లే చెంచమ్మ నామస్మరణలో మునిగియున్నవి. చెంచమ్మ వంటలో నేమున్నది? పప్పును కడిగి యుడకవేయుటయే గదా! అని యామె తనలో దాను వేయి మాఱులు వాదించుకొని గెలుచుచుండెను. గెలిచినను కడుపుమంట చల్లాఱదయ్యెను.

పుండుమీద కారము చల్లినట్లు కట్టుకొన్నవాడే యొక యమావాస్యనాడు గిన్నెడు పులుసుపప్పు తెచ్చుకొని వ్రేళ్లు నాకుచు నింట కూర్చుండెను.

“చెంచమ్మొదిన చెయ్యి పడితే ఆ రుచే వేరు!” అనెను రంగనాయకులు.

“అవునవును, పొరుగింటి పుల్లకూర రుచి! పదేళ్లుగా నా చేతి కూడు తింటన్నావే, ఒక్కనాడన్నా ఈ మాటన్నావా?” అని యాండాళమ్మ గయ్యిమనెను.

“ఇంట్లో వంటకి మెచ్చుకోలేందే?” అని యా మహానుభావుడు గిన్నె యడుగు నూడ్చుకొనెను. ఆ రాత్రి యామె కన్నము సహింపలేదు. పరుల యశస్సు గొంతులో ముల్లై గ్రుచ్చుకొనునని పెద్దలు చెప్పిన మాట ఆమె విషయమున నక్షరసత్యమయ్యెను.

ఇట్లుండ నయిదేండ్లు గడచి మరల నెన్నికలు వచ్చెను. భుజంగరావుగారు మరల నభ్యర్థియై నిలిచిరి. అంతట సాలెవీధి కులపెద్దయైన నరసింహులు వారి యింటికే పోయి “అయ్యా! ఎన్నికల ముందరొచ్చే అమావాస్యకి తమరే వచ్చి మూత తియ్యండి. పప్పు గీతకందితే ఊరి ఓట్లన్నీ తమవే. అందకపోతే మా గుమ్మం తొక్కొద్దు” అని పదుగురిలో పలికెను. కొత్త కంది యింకను కల్లమునకు రాని కాలము. అంగళ్లలో కందిపప్పు ధర యాకాశమంటుచున్న కాలము. అయినను పదుగురిలో కాదనుట కధ్యక్షునికి నోరాడలేదు. రాగలనని చెప్పి యప్పటినుండియే సాకులు కూర్చుకొన నారంభించెను.

ఆండాళమ్మ మనస్సున దురాలోచన యొకటి మొలకెత్తినది యప్పుడే. గుండిగలో పప్పు తగ్గించిన లాభమేమి? తగ్గుననియే లోకమెల్ల నెదురుచూచుచున్నది. మఱి యది హఠాత్తుగా గీతవఱకు పెరిగిన? ఇంత కఱవు ధరలలో గుండిగ నిండెనన్న నెవ్వరు నమ్ముదురు? చెంచమ్మ యధ్యక్షునివద్ద లంచము దిన్నదని యిట్టే తేలిపోవును. వేదవాక్యము కాస్తా బూటకమగును. ఈ యూహ తట్టగానే యామెకు చాలకాలమునకు కడుపునిండ నాకలి వేసెను.

పోపుల డబ్బాలో దాచుకొన్న సొమ్మంతయు దీసి యామె కందిపప్పు కొనెను. ధర విని యంగడివానిని శాపనార్థములు పెట్టుచునే కొనెను. ఈర్ష్యకు బేరమాడు తీరిక యుండదు. అమావాస్యనాడు వేకువనే తన యింట దొడ్డి పొయ్యిపై అలవాటు చొప్పున పప్పును దోరగా వేయించి పిదప నుడికించి చింతపండు పులుసు పోసి పెద్ద తపేలా నిండ సిద్ధముచేసి పొంచి యుండెను.

వీధి నడుమ వంట ముగిసెను. చెంచమ్మ మూత పెట్టి తలస్నానమునకు బావి కడ కేగెను. తక్కినవారందఱును సన్నాయి మేళముతో నధ్యక్షుని దోడ్కొని వచ్చుటకై వీధి మొగకు తరలిరి. ఆ గుండిగకు కావలి యుంచవలెనన్న తలంపు అయిదేండ్లలో నెవ్వరికిని పుట్టియుండలేదు. ఆండాళమ్మ పైటచెఱగున తపేలా కప్పుకొని వచ్చి నాలుగు దిక్కులు పరికించి మూత యెత్తి చూచెను. పప్పు గీతకు బెత్తెడు దిగువన నుండెను. ఆమె తపేలా కుమ్మరించి గరిటెతో కలియబెట్టి పప్పు సరిగా గీత నంటినపిమ్మట మూత వైచి యింటిలోనికి చొచ్చెను. మనస్సు లోలోన నవ్వుచుండెను.

కొంతసేపటికి మంగళవాద్యఘోషము మిన్నుముట్టుచుండ నధ్యక్షుడు వచ్చి గుండిగ యెదుట నిలిచి గొంతు సవరించుకొని “అమ్మా, అకాలవర్షాలు, లారీల సమ్మె, ఆ పైన…” అని సాకుల మూట విప్పుచుండగనే నరసింహులు చేయి చూపెను. అధ్యక్షుడు మూత తీసెను. పప్పు గీతకు సమముగా నిలిచి యుండెను.

అందఱికంటె నెక్కువగా నిశ్చేష్టుడైనవాడు భుజంగరావుగారే. ఆయన గుండిగలోనికి రెండు మాఱులు చూచి యంతలో తేరుకొని ఱొమ్ము విఱిచి “చూశారా! అన్నమాట నిలబెట్టుకున్నా!” అని గర్జించెను. చెంచమ్మ ముఖము పాలిపోయెను. ఆమె నోరు తెఱచి మరల మూసికొనెను. జనసముద్రము జయజయధ్వానములతో నుప్పొంగెను.

ఆండాళమ్మ యిక నే క్షణముననైనను చెంచమ్మపై రాళ్లు పడునని చెవులు రిక్కించి నిలువబడెను. ఒక్క రాయియు పడలేదు. ఆ యుదయముననే పప్పు ధర విని యంగడివాని నేడుతరములు తిట్టిపోసిన యొక ముసలమ్మ “నాకే లెక్క తెలవలేదేమోనమ్మా! చెంచమ్మ గుండిగ అబద్ధమాడిద్దా?” అని చెంపలు వేసికొనెను. వేఱొకతె తన సంచిలోని సరుకు నెత్తి చూచుకొని యది తక్కువైనది తనకు బేరము చేతకాకనే యని సమాధానపడెను. ఔరా! కొన్నవారు తమ చేతిలోని సరుకును నమ్మక చెంచమ్మ పేరును నమ్ముచుండిరి. లంచమన్న మాట తానే మొదలిడుదమని యాండాళమ్మ ప్రక్కనున్న యామె చెవిలో నూదెను. ఆమె యంతెత్తున లేచెను.

“ఛీ! కళ్లు పోతయ్! ఆమెననటానికి నీకు నోరెట్టా వచ్చింది?”

తాను కుమ్మరించిన పప్పుచేత చెంచమ్మ పేరు మఱింత మెఱుగెక్కుచుండుట చూచి యాండాళమ్మ కిక నిలువ శక్యము గాలేదు. అసూయ యామె వివేకమును మింగివైచెను. గుంపును దోసికొని ముందునకు వచ్చి “ఆ పప్పు నాది! నేనే పోశా! మీ చెంచమ్మది బెత్తెడు తక్కువే! నా తపేలా చూడండి, ఇంకా తడారలేదు!” అని యఱచెను.

వీధియెల్ల ఫక్కున నవ్వెను. “ఓర్వలేక అంటంది పాపం!” అనిరి కొందఱు. “కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా?” అనిరి మఱికొందఱు. పదిమందిలో రంగనాయకులు తల దించుకొని “ఇంటికి పదవే” అని చేయి పట్టి లాగెను. నిజము చెప్పినను నమ్మువారు లేరు. ఆమె యసూయ వీధి కంతటికి నెఱుకయే కదా! అధ్యక్షుడు పరమదయార్ద్రవదనుడై “పోనీలే పాపం, మతి చలించింది” అని యనుగ్రహించెను.

అంతట చెంచమ్మ గరిటె నందుకొనెను. అందఱు తిన్నపిదప గాని తాను రుచి చూడని నియమమును ఆనాడు మీఱి గరిటెడు పప్పు నఱచేతిలో నొంపుకొని నోట వైచుకొనెను. కన్నులు మూసికొనెను. ఆమె మౌనము వహించిన చాలు, కీర్తి పదిలము. అధ్యక్షుడు శాలువ కప్పుటకు సిద్ధముగనే యున్నాడు. ఆమె కన్నులు తెఱచి యందఱును వినునట్లు పలికెను.

“నవ్వబాకండి. ఆండాళమ్మ నిజమే చెబ్తంది. మూత తియ్యగానే నా గుండె ఝల్లుమంది. నా పప్పు అంత రాలా, నాకు తెలుసు. ఈ జేజేలు విని నోరు పెగల్లా. ఇది ఆండాళమ్మ వేయించిన పప్పు. ఈ వీధిలో కందిపప్పు ఇంత కమ్మగా వేయించే చెయ్యి ఇంకోటి లేదు. కళ్లు మూసుకుని చెప్తా.”

నవ్వులు చల్లాఱెను. ఆండాళమ్మ నిలిచినచోటనే కొయ్యబాఱిపోయెను. ఏండ్ల తరబడి యే మాటకై యామె చెవులు వాచియుండెనో యా మాట పట్టణమంతయు వినుచుండగా నామె నేరమునకు సాక్ష్యమై వచ్చి పడెను. సంతోషింపవలెనో సిగ్గుపడవలెనో తెలియక యామె భోరున నేడ్చెను.

“ఇంత తెలిసినదానివి… ఇన్నేళ్లూ ఒక్కనాడన్నా అనలేదేం వదినా?”

చెంచమ్మ గరిటెను గుండిగ యంచున నిలిపి తల వాల్చెను.

“ఓర్వలేకేనమ్మా!”

అంతట నరసింహులు కండువా సవరించుకొని భుజంగరావుగారి వంక తిరిగి “అయ్యా! ఆడవాళ్లిద్దరూ చెప్పాల్సింది చెప్పేశారు. తమరేమన్నా చెప్పేదుందా?” అని వినయముగా నడిగెను. ఆయన చేతిగడియారమును జూచుకొని మఱియొక వీధిలో సభ యున్నదని సెలవిచ్చి త్వరత్వరగా వెడలిపోయెను. సన్నాయివాండ్రు వాయింపవలెనో మానవలెనో యెఱుగక వెంట నడచిరి. ఆ యెన్నికలలో సాలెవీధి యోటు లాయనకు పడలేదు.

అయితే యా క్షణముననే యాండాళమ్మ చెంచమ్మలు కౌగిలించుకొని యక్కచెల్లెండ్రైరని వ్రాయుటకు నాకు చేయి రాదు. తప్పొప్పుకొనుట వేఱు, ఓర్చుకొనుట వేఱు. చెంచమ్మ నిజము చెప్పినదని జనులు మరల నామెనే కొనియాడుచుండుట విని యాండాళమ్మ కడుపున మంట మరల రగులుకొనెను. అది యెఱిగియే కాబోలు చెంచమ్మ గరిటె నామె చేతి కందించి తాను విస్తరి ముందు కూర్చుండి “నువ్వే వడ్డించు” అనెను. మాటకును చేతకును నడుమ వెలితి యెంతయో కొలుచుటకు గుండిగ చాలును. మనుజుని మనస్సులోని వెలితిని మాత్రము మనుజుడే నోరు విప్పి చెప్పుకొనవలెను. ఆండాళమ్మ కన్నీరు తుడుచుకొని ముక్కు చీది చెంచమ్మ విస్తరిలో నొక గరిటె వడ్డించి, ఒక్క క్షణ మాలోచించి, రెండవ గరిటెయు వడ్డించెను.