ఊపిరి పొదుపు

క్లైవ్ డ్రేపర్ మా అక్క మొగుడు. నన్ను హోబార్ట్ ఆసుపత్రికి తన ట్రక్కులో తీసుకెళ్ళిందీ అతనే, దారి పొడుగునా నా చావు గురించి మాట్లాడిందీ అతనే. మా సౌత్‌పోర్ట్‌లో ఎవరినడిగినా క్లైవ్ మంచివాడంటారు. వాళ్ళకేం, వాళ్ళెవరూ అతని మాట మీద సంతకం పెట్టలేదు.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి నాన్న పడవెక్కాను. చల్లటి సముద్రంలో మునిగి, రాళ్ళను కరుచుకున్న అబలోనీ నత్తల్ని ఊడబెరికి తేవడం మా పని. నాన్న పోయాక, ఓ చలికాలం ముందు నాకూ ఆయాసం పట్టుకుంది. రేవు నుంచి షెడ్డుకు మెట్లెక్కితే చాలు, ఎవరో గుండెల మీద మోకాలు పెట్టి నొక్కినట్టుండేది. నాన్నకూ ఇలాగే మొదలైంది. ఒక రోజు నీళ్ళలోంచి పైకొచ్చి, పడవ అంచు పట్టుకుని, ఏదో చెప్పబోయి అలాగే ఉండిపోయాడు. పెదాలు నీలంగా మారిపోయాయి. ఆయన్ని పడవలోకి లాగింది నేనూ, క్లైవూ.

"అచ్చం మీ నాన్న మొహమేరా నీది," అన్నాడు క్లైవ్, హోబార్ట్‌లో నా గుండె పరీక్ష ఇంకో వారం ఉందనగా. "నువ్వు పోయావంటే పడవ అప్పు కింద మీ నాన్న నీకిచ్చిన రేవు నేల కూడా బ్యాంకువాళ్ళు లాక్కుంటారు. అక్క పేర రాసెయ్. ఏమీ లేదని తేలితే మళ్ళీ నీదే."

"తిరిగి రాసిస్తారా బావా?"

"ఛ, అదేం మాటరా! నేనేమన్నా పరాయివాణ్ణా?"

రాత్రుళ్ళు నాన్న పెదాలే కనిపించేవి. శుక్రవారం వకీలు దగ్గర సంతకం పెట్టేశాను. సోమవారం పరీక్ష.

చిన్న గది. మధ్యలో ఎక్కడికీ వెళ్ళని సైకిలు. మూలన, ఆగిన గుండెకు షాకిచ్చే పెట్టె. నా కళ్ళు ఆ పెట్టె మీంచి కదల్లేదు.

"దాన్ని చూడకు బంగారం, అది మా అలంకారం," అంది థెల్మా. పరీక్ష చేసేది ఆవిడే. "చొక్కా విప్పు. ముందు ఈ అడవి నరకాలి." ఛాతీ మీది వెంట్రుకలు గీకి, తీగలున్న బిళ్ళలు అంటించింది.

"అడవి కింద గుండె ఏమైనా కనపడితే చెప్పండి," అన్నాను. ఆవిణ్ణి నవ్విద్దామనుకున్నాను.

ముక్కూ నోరూ కలిపి మూసేలా రబ్బరు మాస్కు బిగించింది. "నువ్వు పీల్చేదీ వదిలేదీ ఈ యంత్రం కొలుస్తుంది. మాట్లాడొద్దు. ఆయాసం ఎంతుందో ఈ అట్ట మీది గీతల్లో వేలితో చూపించు, పైకి పోయేకొద్దీ ఎక్కువని. నిజంగా ఓపలేకపోతే చెయ్యెత్తు, ఆపేస్తాం. కానీ భయపడి ఎత్తకు. సగంలో ఆపితే లోపం గుండెదో ఊపిరితిత్తులదో తేలదు, మళ్ళీ రావాలి."

తొక్కడం మొదలుపెట్టాను. మొదట చదును రోడ్డు మీద వెళ్తున్నట్టే ఉంది. తర్వాత వాళ్ళు పెడళ్ళ బరువు పెంచుతూ పోయారు, ఎదురుగా కొండ లేచినట్టయింది. రబ్బరు వాసన. మాస్కులో నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది, నీళ్ళ అడుగున వినిపించినట్టు. అక్కడైతే ఎటు పైకో తెలుసు. ఇక్కడ పైన ఏముంది? సున్నం వేసిన కప్పు.

థెల్మా అట్ట పట్టుకుంది. నా వేలు పైగీతల దాకా పాకింది.

తెర మీద నా గుండె గీతలూ ఊపిరి గీతలూ చూస్తున్న కుర్ర డాక్టరు ఫైఫ్ ఒక్కసారి ముందుకు వంగాడు. థెల్మాను పిలిచి ఏదో చూపించాడు. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. అయిపోయింది, నాన్న జబ్బే నాలోనూ దొరికింది అనుకున్నాను. చెయ్యి సగం దాకా లేచింది. ఇప్పుడు ఆపితే రేపు మళ్ళీ అవే మెట్లు, మెట్టుమెట్టుకూ నాన్న. చెయ్యి దించి హ్యాండిల్ పట్టుకున్నాను.

"ఊపిరి బిగబట్టకు!" అని అరిచింది థెల్మా. "పీల్చాక ఎందుకు ఆగుతున్నావ్? వదిలెయ్, వదిలెయ్!"

నేను బిగబడుతున్నానని నాకే తెలియదు. వదిలాను. మళ్ళీ వెంటనే పీల్చాను. గుండెల మీది మోకాలు కాస్త జరిగింది. కాళ్ళు కొయ్యబారి ఇక తిరగనన్నాయి, అప్పుడే ఆపాను.

"నువ్వు సముద్రంలో దిగేవాడివా?" అడిగాడు డాక్టరు.

"చిన్నప్పట్నుంచీ. ఎందుకండీ?"

"అందుకే. నీ గుండె బాగుంది. ఊపిరితిత్తులూ బాగున్నాయి. పీల్చి పట్టుకుంటున్నావు, ఒళ్ళు గాలి కోసం మొత్తుకుంటున్నా వదలడం లేదు. చెడుగాలి లోపలే ఉండిపోతోంది. అదే నీ ఆయాసం. నేర్పిస్తే పోతుంది."

అది నాన్న నేర్పిన విద్య. గాలి సిలిండరుతో దిగే రోజుల్లో, అది ఎక్కువసేపు రావాలని పీల్చి పట్టుకోమనేవాడు. తర్వాత పడవ మీంచి గాలి గొట్టాలొచ్చాయి, పొదుపు అవసరం పోయింది. కానీ నాన్న పోయాక, భయమేసినప్పుడల్లా మెట్ల మీద కూడా నేను గాలి దాచుకుంటూ వచ్చానన్నమాట.

గది బయట నడవలో క్లైవ్ మాంసం కూరిన రొట్టె తింటూ నిలబడ్డాడు.

"ఎంత కాలం అన్నారు?" అన్నాడు.

"ఏమీ లేదన్నారు బావా."

నమలడం ఆపేశాడు. "సరిగ్గా చూశారా? ఇంకో చోట చూపిద్దాం."

"అక్కర్లేదు. రేపు వకీలు దగ్గరికి వెళ్దాం."

"ఎందుకు?"

"నేల."

కిటికీ వైపు తిరిగాడు. "ఏమీ లేనివాడివి, మరి నన్నంత కంగారెందుకు పెట్టావురా? అంతా మీ అక్క పేర ఉంది. తననడుగు."

అక్కనడిగితే బావనడగమంది. ఆ పరుగు ఇంకా సాగుతోంది.

ఇప్పుడు నాకు ఆయాసం లేదు. మెట్లన్నీ ఒక్క బిగిన ఎక్కగలను, కానీ రేవు గేటుకు క్లైవ్ తాళం వేశాడు. షెడ్డు, మెట్లు, నాన్నను దించిన ఆ రేవు, వాటి వెనక పచ్చిక, అంతా కలిపి నేను రాసిచ్చింది పదకొండున్నర ఎకరాలు.